గరిటె పెట్టని కూర

2003 నవంబర్ 3, సోమవారం

అత్త వచ్చింది. చిన్నమామ భీముడు జీపులో తెచ్చి వరండాలో దింపి, మంచినీళ్ళు కూడా తాగకుండా అదే జీపులో వెళ్ళిపోయాడు. ఇప్పుడే తాగొచ్చానన్నాడు. ఎప్పుడొచ్చినా అదే మాట.

కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. మాత్రలు నా కళ్ళ ముందు మింగించాలి. కొండ మీద వాళ్ళ ఊరికి నేను వారానికోసారే వెళ్తాను. అందుకని మొదటి రెండు నెలలూ మా క్వార్టర్లోనే ఉంచుకుందామన్నది నేనే. జగదీష్ వెంటనే సరే అనలేదు. కన్నతల్లిని ఇంట్లో పెట్టుకోవడానికి అంత ఆలోచన దేనికో. ఈ సబ్‌సెంటర్‌లో నర్సుగా చేరినప్పటి నుంచి ఎంతమంది చేత మాత్రలు మింగించి లేపి నిలబెట్టాను, అత్త ఒక లెక్కా.

పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆవిడ మా ఇంట్లో ఉండటం ఇదే మొదలు. గాలి ఆడుతుందని వరండాలో పక్క వేశాను. పగలు లోపలికొచ్చి కూర్చోమంటే "ఇక్కడే బాగున్నాది సిస్టరమ్మా" అంది. ఊరంతా సిస్టరమ్మ అంటుంది కాబట్టి ఆవిడా అంటుంది. కోడల్ని కూడా అలాగే పిలవాలా అని జగదీష్‌ని అడిగితే నవ్వేసి తను పాఠాలు చెప్పే ఆశ్రమ పాఠశాల గొడవేదో చెప్పడం మొదలుపెట్టాడు.

నవంబర్ 5, బుధవారం

తినటం లేదు.

నిన్న పప్పు, ఇవాళ కోడిగుడ్డు కూర. కంచం మీద మూత కూడా కదలలేదు. పెరట్లో మూడు ఇటుకలు పెట్టుకుని, పుల్లలు ఎగదోసి, తన వెంట తెచ్చుకున్న చోడిపిండితో, అదే రాగిపిండితో, అంబలి కాచుకుంది. కాస్తూ దగ్గు, ఆ పొగకి ఇంకా దగ్గు. ఆ కాసింత అంబలే రోజంతా. నీళ్ళు కూడా తనే బోరు దగ్గర పట్టుకుంటోంది. చెంబు పట్టుకుని తిరిగొచ్చేసరికి రొప్పు. నేను తెస్తానంటే చెంబు వెనక్కి దాచుకుంది. ఎవరినీ కష్టపెట్టకూడదనుకునే మనిషి అని రాసుకుందామంటే, ముఖంలో ఆ మెత్తదనం ఏమీ కనిపించలేదు.

ఖాళీ కడుపున మాత్రలు నిలవలేదు, వాంతి అయిపోయాయి. "అలవాటు లేదు కదా, నాలుగు రోజులు పోనీ" అన్నాడు జగదీష్.

నవంబర్ 6, గురువారం

నాకు అర్థమైపోయింది. ఆవిడకి కావలసింది పెద్దమాంసం.

జగదీష్‌ని అడిగాను. "రాజ్‌మా గింజలేసి బాగా కారంగా వండితే మా అమ్మకి ఇంకేమీ అక్కర్లేదు. పొద్దున్న కుండ ఎక్కిస్తే పొద్దుగూకేసరికి తినేవాళ్ళం. పళ్ళు ఊడిపోయాక మానేసింది" అన్నాడు. తను పెళ్ళికి ముందే మానేశాడు. నేను మానమనలేదు. మానేశానని తనే వచ్చి చెప్పాడు.

పళ్ళు లేకపోతే కుక్కరుంది. ఎంత ముదురు మాంసమైనా వెన్నలా ఉడికిస్తుంది. ఈ చిన్న సంగతి తల్లీకొడుకుల్లో ఒక్కరికీ తోచలేదు.

నేను వండుతాను. తినను. వండటం వేరు, తినటం వేరు. పుండుకి కట్టు కట్టేటప్పుడు అసహ్యపడతామా, ఇదీ అంతే. మా ఊళ్ళో తెలిస్తే తలస్నానం చేసి మరీ నన్ను వదిలేస్తారు. ఎలాగూ కొండవాడిని చేసుకున్నానని పెళ్ళప్పుడే ఒకసారి వదిలేశారు.

నవంబర్ 7, శుక్రవారం

సంతలో పెద్దమాంసం వరస చేపల వాళ్ళకి అవతల ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ వైపు ముఖం పెట్టకుండా చుట్టు తిరిగి కూరగాయలకి వెళ్ళేదాన్ని. ఇవాళ నేరుగా వెళ్ళాను. సుక్రు నన్ను చూసి కత్తి ఆపాడు. వాడి పిల్లలందరికీ టీకాలు వేసింది నేనే.

"దారి తప్పేవా సిస్టరమ్మా?"

"తప్పలేదు. మెత్తగా ఉన్నది చూసి ఇవ్వు. పేషెంటుకి."

"ఏ పేసెంటు?"

"మా అత్త."

ముసలి ఎద్దుది, బాగా ఉడకాలి అన్నాడు. అడ్డాకులో చుట్టి, పైన ఇంకో ఆకు కట్టి, సంచీలో అడుగున పెట్టి పైన వంకాయలు వేసుకోమన్నాడు. నా మర్యాద గురించి నాకంటే వాడికే ఎక్కువ పట్టింపు.

ముక్కుకి గుడ్డ కట్టుకుని కడిగాను. ఎలా వండాలో అడగడానికి ఎవరూ లేరు. మేకమాంసానికి మా అమ్మ చేసినట్టే అల్లం, వెల్లుల్లి, ఎండుమిరపకాయల కారం, ఉల్లిపాయలు. చింతపల్లి వైపు నుంచి వచ్చిన రాజ్‌మా గింజలు సంతలో దొరికితే అవీ వేశాను. నానబెట్టాలన్న జ్ఞానం లేకపోయింది. విజిల్స్ మీద విజిల్స్ రానిచ్చాను. పెరట్లో కోళ్ళు బెదిరి కంచె కింద దూరాయి. మూత తీస్తే ముక్కలు మెత్తగా ఉన్నాయి, గింజలు రాళ్ళలా ఉన్నాయి.

గిన్నెలో పోసి వరండాలోకి తీసుకెళ్ళాను. నిజం చెప్పుకోవాలంటే గొప్పగా నడిచే వెళ్ళాను. ఏ కోడలు చేస్తుంది ఇంత పని.

అత్త గిన్నె మీదికి వంగి వాసన చూసింది. కళ్ళు మూసుకుని చూసింది. "బాగున్నాది వోసన" అంది. గిన్నె పక్కకి జరిపి, లేచి, పెరట్లోకి వెళ్ళి అంబలి కాచుకుంది.

ఎంత పొగరు.

నవంబర్ 8, శనివారం

కూర పారేయలేదు. జగదీష్ తిన్నాడు, గింజలు ఏరి పక్కన పెట్టి. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. మానేసిన మనిషి.

నవంబర్ 14, శుక్రవారం

ఈసారి గింజలు రాత్రే నానబెట్టాను. ముక్కలూ గింజలూ వేలితో నొక్కితే చితికిపోయేంత మెత్తగా వచ్చాయి. ఉప్పు చూడలేదు, ఎలా చూస్తాను. అంచనా మీద వేశాను.

"మిరపకాయలు పొయ్యిలో కాల్సేవా?" అని అడిగింది అత్త.

"లేదు. ఎండువి, కారం పట్టించాను."

"కాల్చాల" అంది. గిన్నెలోకి చాలాసేపు చూసింది. గొంతులో గుటక కూడా పడింది, నేను చూశాను. ముట్టుకోలేదు.

మధ్యాహ్నం పీహెచ్‌సీలో డాక్టరుగారు అత్త బరువు చూసి కళ్ళజోడు తీశారు. మీ ఇంట్లో పేషెంటే తగ్గిపోతుంటే ఊళ్ళో వాళ్ళకి ఏం చెప్తావమ్మా అన్నారు. అందరి ముందూ అన్నారు. ఇంటికొచ్చి ఆ కుక్కరు దభీమని సింకులో పడేశాను. చేతికి చొట్ట పడినంత పని అయింది, కుక్కరుకి ఏమీ కాలేదు.

నవంబర్ 16, ఆదివారం

ఇది రాసుకోవాలి. రాసుకుంటే కోపం తగ్గుతుందేమో.

చిన్నమామ అత్తని చూడటానికి వచ్చాడు. జగదీష్ కూడా ఇంట్లోనే ఉన్నాడు. టీ పెట్టిచ్చాను. గ్లాసు గట్టు మీద పెట్టి, "ఇప్పుడే తాగొచ్చేనమ్మా" అన్నాడు. జీపు దిగి తిన్నగా వచ్చిన మనిషి ఎక్కడ తాగుతాడు? ఇవాళ నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"నాలుగేళ్ళ నుంచి వింటున్నాను మామా. ఎక్కడ తాగొస్తున్నారు ప్రతిసారీ?"

ఆయన జగదీష్ వైపు చూశాడు. జగదీష్ నేల వైపు చూశాడు.

"వోడు సెప్పనేదా?" అన్నాడు చిన్నమామ. "నువ్వు మాలో కలవనేదు కదమ్మా. నీ సేతి నీల్లు మాం తాగకూడదు."

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగకూడదు?

ఆయన నెమ్మదిగానే చెప్పాడు, కోపమేమీ లేదు. బయటి పిల్లని చేసుకుంటే ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి విందు పెట్టాలట. వాళ్ళ కుండలో వండిన మాంసం పెళ్ళికూతురు వాళ్ళతో కూర్చుని తినాలట. అప్పుడు కులంలో కలిపినట్టు. అది జరిగేదాకా నేను బయటిదాన్ని, నన్ను చేసుకున్నందుకు జగదీష్ కూడా బయటివాడే. మా ఇద్దరి చేతి కూడూ వాళ్ళు తినకూడదు.

"ఆ కూడు తినీసి సచ్చిపోతే పెద్దల్లో కలపరు ఒదినని" అన్నాడు. పెద్దలంటే చచ్చిపోయిన పెద్దలు. "మా అన్న అక్కడుంటాడు, ఒదినొక్కతీ బయటుండిపోద్ది. అదీ దాని బయ్యం."

అత్త గోడకి ఆనుకుని అన్నీ వింటోంది. కాదనలేదు.

ఇప్పుడే పెట్టేద్దాం ఆ విందు అన్నాను. కుదరదట. ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన పోయాడు, మాఘం దాకా ఇలాంటి పనులు చెయ్యరట. పోనీ ఎవరైనా వచ్చి ఆవిడకి వండిపెట్టండి అంటే, అందరూ కోతల్లో ఉన్నారన్నాడు. "తినకపోతే తీసుకెల్లిపోతాను. మా మద్దెనే ఉంటాది." తీసుకెళ్తే మాత్రలు మానేస్తుంది. మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు, ఎంతమందిని చూశాను. ఇంకొన్నాళ్ళు ఆగమని బతిమాలితే సరేనన్నాడు.

ఆయన వెళ్ళాక జగదీష్‌ని పట్టుకున్నాను.

"మీ వాళ్ళలో ఇలాంటి పట్టింపులు లేవన్నావు. మీదంతా మంచి మనసన్నావు."

"అన్నాను" అన్నాడు. "మీ వాళ్ళ పట్టింపులు విని విని ఉన్నావు. మావీ చెప్పాలంటే సిగ్గేసింది."

"విందు పెడదామని ఒక్క మాట అడగాల్సింది."

"అడిగితే తిందువా? నీ కోసం మానేశానంటే ఎంత సంబరపడ్డావో గుర్తుందా?"

గుర్తుంది.

సాలూరు దగ్గర మా ఊళ్ళో కొండ నుంచి ఆడవాళ్ళు చింతపండు, చీపుళ్ళు తెచ్చి అమ్మేవారు. దాహమంటే మా అమ్మ అరుగు మీద నిలబడి పైనుంచి చెంబుతో పోసేది, వాళ్ళు కింద వంగి దోసిలి పట్టి తాగేవారు. చెంబు వాళ్ళకి తగలకూడదు. నేను అమ్మలా కాదు, అందరి చెయ్యీ పట్టుకుంటాను, అందరింట్లోనూ తాగుతాను అనుకుంటూ ఇక్కడికి వచ్చాను. నా చేతి నీళ్ళు తాగనివాళ్ళు ఈ భూమ్మీద ఉంటారని మాత్రం ఏనాడూ తోచలేదు. చాలా అవమానంగా ఉంది. నాకే ఎందుకంత అవమానంగా ఉండాలో ఆలోచిస్తే ఇంకా సిగ్గుగా ఉంది.

నవంబర్ 17, సోమవారం

మాత్రలు వేసింది. వాంతి. ఇంకేమీ రాయాలని లేదు.

నవంబర్ 19, బుధవారం

పొద్దున్న కుక్కర్లో అన్నం పెడుతుంటే అత్త గడప అవతల కూర్చుని చూస్తోంది.

"ఆ ఈల కుండలో గరిటె ఎక్కడెట్టి కలుపుతావు?"

"కలపను అత్తా. మూత పెట్టాక తియ్యకూడదు. తీస్తే ముఖం కాలిపోతుంది."

"మరి ఎవులు సేత్తారు లోపల?"

"ఎవరూ చెయ్యరు. ఆవిరికి అదే ఉడికిపోతుంది."

"ఎవులూ సెయ్యరా" అంది. కాసేపాగి ఆ మాటే మళ్ళీ అనుకుంది.

నవంబర్ 20, గురువారం

అత్త తీర్పు చెప్పింది. మా ఊళ్ళో పురోహితుడు కూడా ఇంత చక్కగా దారి చూపించలేడు.

కుక్కరు తన దగ్గరికి తెమ్మంది. బూడిద పెట్టి తనే తోమింది, రబ్బరు తీయించి దాన్నీ కడిగింది. అప్పుడు చెప్పింది: "ముక్కలు నాను ఏత్తాను. ఉప్పూ కారం నాను ఏత్తాను. మూత నాను ఎడతాను. నువ్వు మంట మీద ఎట్టు, దించు. మూత మల్లీ నానే తీత్తాను. గరిటె మాత్రం ఎట్టకు. గరిటె ఎట్టినోలే వండినట్టు."

"మరి మంట నాదే కదా?"

"నీదెలాగవుద్ది. ఆ బండది" అని వంటింట్లో గ్యాసు సిలిండర్ వైపు చూపించింది.

చిన్నమామ ఒప్పుకుంటాడా అని అడిగాను. వాడికి వంట గురించి ఏం తెలుసు అంది.

నవంబర్ 21, శుక్రవారం

తిన్నది.

మిరపకాయలు తన ఇటుకల పొయ్యి నిప్పుల్లో తనే కాల్చింది. రాతి మీద ఉప్పు, అల్లం వేసి నూరింది. ఆ ఘాటుకి నాకు తుమ్ములు, ఆవిడకి దగ్గు, ఇద్దరం కాసేపు మనుషుల్లో లేము. సుక్రు మాంసం, నానిన గింజలు చేత్తోనే కలిపి కుక్కర్లో వేసింది. నీళ్ళు తన చెంబుతో పోసింది. మూత దగ్గర వచ్చింది చిక్కు. లోపలికి దూర్చి తిప్పి పైకి లాగాలి, ఆవిడకి అర్థం కాదు, నేను ముట్టుకోకూడదు. గాలిలో చేతులు తిప్పి చూపించాను. నర్సింగ్ ట్రైనింగ్‌లో బొమ్మకి సూది వేయడం నేర్పినప్పుడు మా మేడమ్ ఎంత విసుక్కుందో నేనూ అంత విసుక్కున్నాను. చివరికి టక్కున పడింది. ఆవిడ ముఖం చూడాలి.

తీసుకెళ్ళి మంట మీద పెట్టాను. వరండాలోంచి విజిల్ విజిల్‌కీ "గొటే... దుయి... తిని... చారి..." అని వాళ్ళ ఒడియాలో లెక్క వినిపించింది. కోళ్ళు ఇప్పుడు బెదరడం లేదు.

ఆవిరి పోయాక వరండాలో దించాను. మూత తనే తీసింది, తనే వడ్డించుకుంది. ముక్కని చిగుళ్ళతో నొక్కి చూసింది. మింగింది. ఇంకోటి. తింటున్నంతసేపూ నావైపు చూడలేదు. నేను తలుపు చాటున నిలబడి ఏడ్చాను. నా వంట కూడా కాదు అది, నాకెందుకు ఏడుపు.

మాత్రలు వేసింది. నిలిచాయి.

నవంబర్ 24, సోమవారం

రాజ్‌మా ఒక్కటే, మాంసం లేకుండా. అదే పద్ధతి. తిన్నది.

నవంబర్ 28, శుక్రవారం

బరువు కొంచెం పెరిగింది. డాక్టరుగారు కళ్ళజోడు తీయలేదు. ఏం పెడుతున్నావమ్మా అంటే పౌష్టికాహారం సార్ అన్నాను.

ఈమధ్య ముక్కుకి గుడ్డ కట్టుకోవడం మర్చిపోతున్నాను. జలుబు చేసింది, వాసన తెలియడం లేదు, అందుకే.

డిసెంబర్ 2, మంగళవారం

జలుబు తగ్గింది. గుడ్డ ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

డిసెంబర్ 5, శుక్రవారం

అంతా పాడుచేశాను.

అత్త కూర సర్ది మూత పెట్టి ఇచ్చింది. ఎండలో వరండా మీద కునుకు తీసింది. నేను స్టవ్ మీద పెట్టి రిజిస్టర్లు రాసుకుంటున్నాను. విజిల్ రావడం లేదని ఎంతకీ గమనించలేదు. మాడిన వాసన వస్తే పరిగెత్తాను. రబ్బరు పక్కనుంచి ఆవిరంతా పోతోంది, లోపల నీళ్ళు ఇంకిపోయాయి. మంట ఆపి, విజిల్ ఎత్తి ఆవిరి వదిలి, మూత తీసి, గరిటె పెట్టి అడుగంతా గీకి కలిపి, నీళ్ళు పోసి మళ్ళీ మూత పెట్టాను. ఏ ఆడదైనా చేసే పనే. చెయ్యి దాని దారిన అది చేసింది. రబ్బరు చుట్టూ తడిగుడ్డ అదిమి పట్టుకుని ఎలాగో ఉడికించాక, పక్కన గరిటె చూశాను. దానికి ఎర్రగా కూర అంటుకుని ఉంది.

గరిటె కడిగి కొక్కేనికి తగిలించాను. అత్త ఇంకా పడుకునే ఉంది. ఎవరూ చూడలేదు. కూర బాగానే వచ్చింది. ఆవిడ తింటుంది, మాత్రలు నిలుస్తాయి, ఎవరికి నష్టం అనుకుంటూ కుక్కరు వరండాలో దించాను. అలాగే అనుకుంటూ ఆవిడ మూత తీయడం చూశాను. ఆవిడ కంచం దగ్గరికి లాక్కుంది.

"అత్తా, నేను గరిటె పెట్టాను."

చెయ్యి ఆగింది. "ఎవులైనా సూసేరా?"

"ఎవరూ చూడలేదు. మాడిపోతుంటే కలిపేశాను."

ఆవిడ మూత తీసుకుని కుక్కరు మీద నెమ్మదిగా బోర్లించింది.

"మరెందుకు సెప్పేవు?"

ఏమో అన్నాను. నిజంగానే తెలియలేదు. ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది. చచ్చాక ఒంటరిగా బయట ఉండిపోతానన్న భయం ఆవిడది. నాకు ఆ భయం లేదు కాబట్టి దాంతో ఆడుకోవడం నాకు సుళువు. అందుకే చెప్పాను. చెప్పి ఉండకూడదని కూడా అనిపిస్తోంది.

సాయంత్రం జగదీష్ వచ్చి "చెప్పకపోతే ఏం పోయేది ప్రసన్నా? తినేది కదా" అన్నాడు.

"నాలుగేళ్ళు నువ్వు చెప్పలేదు కదా, ఏం పోయింది?" అన్నాను.

తను అన్నం తినకుండా లేచిపోయాడు. నేనూ తినలేదు.

డిసెంబర్ 8, సోమవారం

మళ్ళీ అంబలి. జ్వరం. మాత్రలు వాంతి. కుక్కరుకి కొత్త రబ్బరు కావాలి, ఎస్.కోట నుంచి తెస్తానని జగదీష్ అన్నాడు.

డిసెంబర్ 10, బుధవారం

పొయ్యి దగ్గరికి కూడా లేవలేకపోయింది. అంబలి కూడా లేదు. బోరు నీళ్ళు జగదీష్ పట్టిస్తే కళ్ళు మూసుకుని రెండు గుక్కలు తాగింది. జగదీషూ బయటివాడే, అయినా తాగింది. నా చేతి చెంబు చూసి తల తిప్పుకుంది. మందు సూదులకి మాత్రం చెయ్యి ఇచ్చింది. సూదిమందుకి కులం లేనట్టుంది.

చిన్నమామకి కబురు వెళ్ళింది. ఆదివారం జీపు తెస్తానన్నాడట. జగదీష్ వద్దనలేదు. ఆవిడ ఇష్టం అన్నాడు. నాకు మాత్రం అడుగడుగునా ఆ గరిటే కనిపిస్తోంది. కొక్కెం మీంచి తీసి అలమరలో పడేశాను.

డిసెంబర్ 12, శుక్రవారం

మంచు పొద్దెక్కినా విడలేదు. జగదీష్ కొత్త రబ్బరు బల్ల మీద పెట్టి బడికి వెళ్ళిపోయాడు. అత్తకి జ్వరం దిగింది. పక్క మీద పడుకునే అడిగింది.

"ఇయాల సంత కదా?"

"అవును."

"బేగి ఎల్లి తే."

ఏం తేవాలో అడగలేదు. సుక్రు ఈసారి లేతది చూసి ఇచ్చాడు. గింజలు నిన్నటి నుంచీ నానుతున్నాయి. ఎందుకు నానబెట్టానో నాకే తెలియదు, చెయ్యి నానబెట్టింది.

అన్నీ వరండాలో ఆవిడ ముందు పెట్టాను. లేపి కూర్చోబెట్టమంటుందని చూశాను. ఆవిడ చెయ్యి ఎత్తి చూసుకుంది. వణుకుతోంది. దించేసింది.

"నువ్వే ఎయ్యి" అంది.

"అత్తా, జగదీష్ వచ్చేదాకా ఆగుదాం. పట్టుకుంటాడు, నువ్వే వేద్దువు." మీరు పోయి నువ్వు ఎప్పుడయిందో చూసుకోలేదు.

"వోడికి వంటొచ్చేటి? ఎయ్యి. మిరపకాయలు కాల్సు ముందు."

కాల్చాను, ఆవిడ ఇటుకల పొయ్యి మీదే. నూరాను. ఇంకొంచెం అంది, ఇంకొంచెం నూరాను. ముక్కలూ గింజలూ చేత్తో కలిపాను. ఆవిడ పక్క మీంచి అన్నీ చూస్తూనే ఉంది, ఎక్కడా ఆపలేదు. మూత పెట్టి మంట మీదికి తీసుకెళ్ళాను. కొత్త రబ్బరు గట్టిగా పట్టింది. వరండాలోంచి లెక్క వినిపించలేదు. భయమేసి రెండుసార్లు వెళ్ళి చూశాను. పడుకుని పెదాలు కదుపుతోంది, లోపల లోపలే లెక్కపెడుతోంది.

దించి, ఆవిరంతా పోయాక వరండాలో పెట్టాను. తీయమని చేత్తో సైగ చేసింది. తీశాను.

"గరిటె తే."

అలమరలోంచి తీసి కడిగి తెచ్చాను. ఆవిడ చేతికిచ్చాను. పట్టుకుంది, కాసేపు అలాగే పట్టుకుని, తిరిగి నా చేతిలో పెట్టింది.

నేను కుక్కర్లో పెట్టలేదు. "మీ పెద్దలో అత్తా? అక్కడున్న మామో?" అన్నాను.

"ఆ రోజు నువ్వు సెప్పీసేవు. సెప్పకపోతే నాకు తెలిసేదేటి? పెద్దలడిగితే నానూ సెప్పీత్తాను. తిన్నానని సెప్పీత్తాను. ఆపైన ఆల్ల ఇట్టం." ఇంతసేపు మాట్లాడి రొప్పింది. ఊపిరి పట్టాక కుక్కరు వైపు గడ్డం ఎత్తింది.

"ఉప్పు సూడు, గుంటా."

సిస్టరమ్మా అనలేదు, పిల్లా అన్నట్టు గుంటా అంది. ఉప్పు చూడమనే మాట మా అమ్మ అనేది, మా అమ్మమ్మ అనేది. పొయ్యి ముందు కూర్చున్న ఎవరైనా అనే మాటే. నేను గరిటె పెట్టాను. కలిపాను. ఒక ముక్క, రెండు గింజలు గరిటెలోకి తీసి, ఊదుకుని, నోట్లో పెట్టుకున్నాను. కారం నషాళానికి అంటింది. నమిలాను, మింగాను.

"తగ్గింది అత్తా" అన్నాను.

"మరెయ్యి."

వేసి, కలిపి, మళ్ళీ చూశాను. సరిపోయింది. అప్పుడు ఆవిడ నోరు తెరిచింది.